అప్పీలు వేసే ముందు ఆ తీర్పు చదువు

చిరంజీవి అమ్మలూకి మామయ్య ఆశీస్సులు.

పొలం దావా కొట్టేశారని, నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ తర్వాత పడుదువు గానీ ముందు గడువు సంగతి చూడు. అప్పీలు జిల్లా కోర్టుకైతే డిక్రీ (తీర్పును బట్టి కోర్టు ఇచ్చే అధికారిక ఉత్తర్వు) తేదీ నుంచి 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన కాలాన్ని మినహాయిస్తారు. కాపీ అప్లికేషన్ రేపే పెట్టించు.

కాపీ రాగానే నువ్వే కూర్చుని చదువు. ఆఖరి పేజీ కాదు, ఒక్కో ఇష్యూ (కోర్టు తేల్చాల్సిన ప్రశ్న) కింద జడ్జి రాసిన కారణాలు చదవాలి. వకీలు గుమాస్తాగా నేను చూసినంతలో, ఓడినవాళ్లలో చాలామంది ఆ పేజీలు తిప్పనే తిప్పరు. హక్కు ప్రకటించమని అడిగింది మీరు, కాబట్టి రుజువు భారం మీదే. అవతలివాళ్ల కాగితాలు దొంగవని తేల్చినా సరే, మీ కాగితాలు వాటంతట అవి నిలబడకపోతే పొలం మీది కాదు. 2014లో వాసవి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. రెవెన్యూ రికార్డుల్లో పేరున్నంత మాత్రాన హక్కు రాదని కూడా అందులోనే ఉంది. మీ బాబాయేమో అడంగల్ నకళ్ల కట్ట పట్టుకుని గెలుపు మనదే అంటున్నాడట! అవి స్వాధీనం చూపించడానికి పనికొస్తాయి, అంతే.

మీ తాతగారికి అమ్మినాయనకు ఆ భూమి ఎలా వచ్చింది? ఆ లింకు డాక్యుమెంటు కోర్టులో సాక్ష్యంగా మార్క్ అయిందా? అందులోని హద్దులు, దావా షెడ్యూలులోని (దావాలో భూమి వివరాలు రాసిన భాగం) హద్దులు ఒకటేనా? కేసు తెగేది ఎక్కువగా ఇక్కడే. వీలునామా మీద హక్కు చెబుతుంటే, సాక్షి సంతకం చేసినవాళ్లలో బతికున్నవాళ్లు ఒక్కరైనా బోనెక్కాలి. అది రిజిస్టరైనా ఈ రూలు తప్పదు.

కొత్త కాగితాలు అప్పీల్లో పెడదామనుకుంటున్నారేమో, అది అంత తేలిక కాదు. కింది కోర్టు అన్యాయంగా నిరాకరించి ఉండాలి, లేదా ఎంత వెతికినా అప్పట్లో దొరక్కపోయి ఉండాలి, లేదా తీర్పు చెప్పడానికి అది కావాలని అప్పీలు కోర్టుకే అనిపించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 41 రూల్ 27 అంటే ఇదే. బీరువాలోనే ఉంది, మర్చిపోయాం అంటే ఒప్పుకోవడం కష్టం. అందుకే దొరకని కాగితం కోసం ఎక్కడెక్కడ తిరిగారో పిటిషన్లో వివరంగా రాయించు.

అప్పీలు వేయగానే స్టే వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. పైగా మీ దావా కొట్టేశారు కాబట్టి ఆపడానికి అందులో ఏమీ లేదు. అవతలివాళ్లు పొలం అమ్మకుండా, రూపు మార్చకుండా విడిగా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) అడగాలి.

జిల్లా కోర్టు అప్పీల్లోనూ ఓడితే, సెకండ్ అప్పీల్లో ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే హైకోర్టు వింటుంది. హద్దులు, సాక్షుల గొడవంతా ఈ అప్పీల్లోనే తేలిపోవాలి.

కాపీ చేతికొచ్చాక, మార్క్ అయిన డాక్యుమెంట్ల లిస్టుతో సహా ఇంటికి రా. వకీలు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం.