అంతస్తుల డివైజ్‌లు, గొలుసు తాళాలు: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

లినక్స్ కెర్నెల్‌లో నెట్‌వర్క్ కార్డు మీద బాండ్ (కార్డులను ఒకటిగా కలిపే డివైజ్), బాండ్ మీద వీలాన్ (అదే తీగ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టగానే లాక్‌డెప్, అంటే తాళాలు తప్పు వరుసలో పట్టుకుంటున్నామేమో చూసే కెర్నెల్ సాధనం, "పాసిబుల్ రికర్సివ్ లాకింగ్" (పట్టుకున్న తాళాన్నే మళ్లీ పట్టుకుంటున్నావేమో) అని అరిచిందన్నావు. టెన్షన్ పడకు. అలాగని స్పిన్ లాక్ నెస్టెడ్ (తాళానికి ఒక నంబరు ఇచ్చి పట్టే పిలుపు) అని మార్చేసి దాని నోరు మూయించకు.

ముందు కాగితం మీద బొమ్మ గీసుకో. వీలాన్‌కు మల్టీకాస్ట్ అడ్రస్ (ఒకేసారి చాలామందికి పంపే చిరునామా) చేర్చేటప్పుడు దాని అడ్రస్ లిస్టు లాక్ పట్టుకుంటాం, అంటే మరో సీపీయూ ఆ లిస్టును ముట్టకుండా వేసే తాళం. అది వదలకుండానే బాండ్ లాక్, ఆ తర్వాత కార్డు లాక్. మూడూ వేర్వేరు తాళాలే. కానీ లాక్‌డెప్ చూసేది తాళాన్ని కాదు, అది చేరిన గుంపును, అంటే దాని క్లాసును. మూడూ ఒకే క్లాసులో పడితే దాని లెక్కలో ఒకటే. ముగ్గురు అన్నదమ్ములనూ ఇంటిపేరుతోనే పిలిచినట్టు.

సబ్‌క్లాస్ నంబరు (క్లాసు లోపల విడదీసే అంకె) ఇస్తే వాళ్లను విడివిడిగా గుర్తుపడుతుంది. అయితే ఆ నంబరు మనం ఇచ్చే మాట మాత్రమే. ఏ డివైజ్ పైన ఉందో అది వెళ్లి చూసి రాదు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. అప్పట్లో పనిచేసిన కంపెనీలో, మొదట పట్టే లాక్‌కు 0, రెండోదానికి 1 అని కళ్లు మూసుకుని రాసేశాను. ఒక దారిలో పైనుంచి కిందికి పడుతున్నాం, ఇంకో దారిలో కిందినుంచి పైకి. రెండు చోట్లా 0 తర్వాత 1 కాబట్టి లాక్‌డెప్ కిక్కురుమనలేదు. కస్టమర్ దగ్గర రెండు సీపీయూలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోయాయి. వారం రోజులు నాకు నిద్ర లేదు.

అందుకే నంబరు కోడ్‌లోని వరుసనుంచి కాదు, గొలుసులో డివైజ్ ఉన్న చోటునుంచి రావాలి. లినక్స్ కూడా తిరిగి తిరిగి అక్కడికే చేరింది. 2019లో ఒక్కో డివైజ్‌కూ సొంత కీ (క్లాసును గుర్తించే గుర్తు) ఇచ్చారు, 2020లో అది వెనక్కి తీసుకున్నారు. లినక్స్ 5.10 వెర్షన్ నుంచి డివైజ్‌లోనే నెస్టెడ్ లెవెల్ అని ఒక అంకె ఉంటుంది. సబ్‌క్లాస్‌లు ఎనిమిదే. డివైజ్‌లు పేర్చే లోతుకు కూడా ఎనిమిదే హద్దు.

ఇంకో సంగతి. మొదటి హెచ్చరిక ఇచ్చాక లాక్‌డెప్ తనంతట తానే ఆగిపోతుంది. రీబూట్ చేయకుండా మళ్లీ టెస్ట్ చేసి "ఏమీ రాలేదు, సరిపోయింది" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ప్రూవ్ లాకింగ్ (లాక్‌డెప్ పరీక్షను నడిపే కెర్నెల్ సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకో.

పేర్చడం అందరూ పరీక్షిస్తారు, విప్పడమే మర్చిపోతారు. లింకు తెంపగానే లెవెల్ మార్చేస్తే, అడ్రస్‌లు వెనక్కి తీసే కోడ్ ఆ తర్వాత నడవొచ్చు. కార్డును ముందు తీసి చూడు, మరోసారి వీలాన్‌ను ముందు తీసి చూడు. ఆ రెండు లాగ్‌లూ పంపితే ఆదివారం కూర్చుని చదువుతాను.

అన్నయ్య