ఒక్క సెమిస్టర్ కోసం జర్మనీ వెళ్తున్న సాహితికి

హైదరాబాద్

చిరంజీవి సాహితికి పెద్దమ్మ ఆశీస్సులు.

అక్టోబరు సెమిస్టర్‌కి జర్మనీలో సీటు ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లలకు చెప్పే మాటలు నీకు సరిపోవు. వాళ్లకు రెండేళ్లుంటాయి, మొదటి నెల కాగితాలకే పోయినా తట్టుకుంటారు. నీకు క్లాసులు జరిగేది అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకానే, అందులోనూ క్రిస్మస్ సెలవులు పోతాయి. అందుకని ఇక్కడ తేల్చుకోగలిగిన పని ఒక్కటి కూడా అక్కడికి మోసుకెళ్లకు.

అన్నిటికన్నా ముందు క్రెడిట్ల సంగతి చూడు. వీసా గురించి ఇంటిల్లిపాదీ కంగారుపడతారు, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. యూరప్ యూనివర్సిటీలు వాడే క్రెడిట్ల లెక్కను ఈసీటీఎస్ అంటారు. అక్కడ ఒక సెమిస్టర్ పూర్తి చదువంటే 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. మన బీటెక్‌లో 160 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సగటున 20. అక్కడి ఒకటిన్నర ఇక్కడి ఒకటికి సమానమని లెక్క తేలుతుంది గానీ, మీ కాలేజీ కూడా అలాగే లెక్కగడుతుందని అనుకోకు. ఏ సబ్జెక్టుకు బదులు ఏది, ఎన్ని క్రెడిట్లకు ఎన్ని, గ్రేడు ఎలా మారుస్తారు, ఈ మూడూ ఒకే కాగితం మీద రాయించుకో. దాని మీద మీ డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) సంతకంతో పాటు ఎగ్జామినేషన్ బ్రాంచ్ సంతకం కూడా ఉండాలి. హెచ్ఓడీ నోటిమాటగా సరేనన్నా, నువ్వు తిరిగొచ్చాక మెమోలో మార్కులు ఎక్కించేది ఎగ్జామినేషన్ బ్రాంచే. గ్రేడు సంగతి మరీ ముఖ్యం. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0తో పాసు, 5.0 అంటే ఫెయిలు. పదికి సీజీపీఏ చూసే అలవాటున్న క్లర్కుకు నీ 1.3 ఘోరంగా కనిపిస్తుంది. మార్పిడి పట్టిక ముందే ఫైల్లో ఉంటే ఆ తలనొప్పి ఉండదు. 75 శాతం హాజరు నిబంధన నుంచి ఆ సెమిస్టర్‌కు మినహాయింపు కూడా రాతపూర్వకంగానే అడుగు.

నీకు ఐదు కోర్సులు కావాలంటే ఎనిమిదింటికి ఆమోదం తీసుకుని వెళ్లు. అక్కడికెళ్లాక రెండు కోర్సులు ఒకే సమయానికి పడతాయి, ఒకటి జర్మన్‌లో చెబుతారు, ఇంకొకటి వేసవి సెమిస్టర్‌లోనే ఉంటుంది. అప్పుడు కొత్త కోర్సుకు ఇక్కడి నుంచి ఆమోదం వచ్చేలోపు మూడు వారాల పాఠాలు అయిపోతాయి.

ఇంకో తేడా ఏమిటంటే, క్లాసులో పేరున్నంత మాత్రాన అక్కడ పరీక్ష రాయనివ్వరు. చాలా యూనివర్సిటీల్లో పరీక్షకు ఆన్‌లైన్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికో గడువు ఉంటుంది. అది దాటితే ఆ కోర్సు పోయినట్టే. పరీక్షలు ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటాయి కాబట్టి మీ తర్వాతి సెమిస్టర్ ఇక్కడ అంతకుముందే మొదలవుతుందేమో చూసుకో. అలాగైతే మొదటి వారంలోనే ప్రొఫెసర్‌ను కలిసి ముందస్తు పరీక్ష పెట్టడానికి వీలవుతుందా అని అడుగు. జనవరిలో అడిగితే లాభం లేదు. టైమ్‌టేబుల్‌లో 10 పక్కన సి.టి. అని ఉంటే క్లాసు 10.15కి మొదలవుతుంది, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదింటికే.

వీసాకు వద్దాం. 90 రోజులు దాటే చదువుకు షెంగెన్ విజిటర్ వీసా పనికిరాదు, డి అక్షరంతో ఉండే నేషనల్ వీసా కావాలి. ఖర్చులకు రుజువుగా బ్లాక్డ్ అకౌంట్ తెరుస్తారు, అంటే డబ్బంతా ముందే వేసి, నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతా. 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోల లెక్క, ఆరు నెలలకైతే 5,952. అకౌంట్ ఫీజు, బ్యాంకు కమీషన్ పోగా ఆ మొత్తం ఒక్క యూరో తగ్గకుండా చేరాలి, అందుకని మరో 150 కలిపి పంపమను. నాన్న పాన్ మీద ఆ ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపింది 10 లక్షలు దాటకపోతే టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పడదు. పాస్‌పోర్టు తిరిగి చేతికి రాగానే వీసా స్టిక్కర్ మీద పేరు, తేదీలు చూడు. చివరి పరీక్ష దాకా వీసా సరిపోతుందో లేదో అప్పుడే తెలియాలి. ఇన్సూరెన్స్ విషయంలో తొందరపడకు. ఇక్కడ కొన్న ట్రావెల్ పాలసీ దారిలో, మొదటి రోజుల్లో పనికొస్తుంది గానీ, యూనివర్సిటీలో చేరడానికి చాలాచోట్ల దాన్ని ఒప్పుకోరు. ఏది చెల్లుతుందో అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసును మెయిల్‌లో అడిగాకే డబ్బు కట్టు.

టికెట్ శని, ఆదివారాల్లో దిగేలా కొనొద్దు. ఆదివారం అక్కడ సూపర్ మార్కెట్లు మూసేస్తారు, హాస్టల్ తాళం ఇచ్చే మనిషీ ఉండడు. అక్టోబరు 3 కూడా జాతీయ సెలవే.

సామాను మీ అమ్మ చేతికి వదిలేస్తే సగం వంటిల్లు సర్దుతుంది, కాబట్టి ఈ భాగం ఆవిడకు చదివి వినిపించు. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. గాలికుంటు లాంటి పశువుల జబ్బులు రాకుండా యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని నిషేధించింది. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు, కాబట్టి నీడన ఆరబెట్టి పొడి కొట్టి తీసుకెళ్లు. ఆవకాయ, కారప్పొడి, కందిపొడి, ఎండు చింతపండు ఫరవాలేదు. ఆవకాయ పైన తేలే నూనె కొంచెం వంపేసి, అరకిలో చొప్పున పచ్చళ్ల షాపులోనే ప్యాక్ చేయించి పెద్ద పెట్టెలోనే పెట్టాలి. చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద శంషాబాద్‌లోనే తీసేస్తారు. నెయ్యికి బెంగపడకు. అక్కడ ఉప్పు లేని వెన్న 250 గ్రాముల ప్యాకెట్లలో దొరుకుతుంది, సన్నని మంట మీద కాస్తే నెయ్యే.

మూడు లీటర్ల కుక్కర్ తీసుకెళ్లు, దానితో అదనంగా ఒక గాస్కెట్, ఒక సేఫ్టీ వాల్వ్ పెట్టుకో. ముందు మీ హాస్టల్ స్టవ్ ఏదో కనుక్కో. ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, అయస్కాంతం అంటుకునే అడుగు ఉండాలి. వేడెక్కే గాజు పలక స్టవ్ అయితే తిరగమోతలో జాగ్రత్త. ఆపేశాక కూడా ఆ పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది, ఆవాలు చిటపటమనేలోపే ఎండుమిర్చి నల్లబడి గదంతా ఘాటు నిండుతుంది. ఆవాలు సగం చిటపటమనగానే గిన్నెను పలక మీంచి దించి పక్కన పెట్టి, అప్పుడు మిర్చి, ఇంగువ వెయ్యి. కిటికీ ముందే తెరిచి ఉంచు. అలారం మోగి అగ్నిమాపక బండి వస్తే ఆ బిల్లు నీ మీదే పడవచ్చు.

ఇండియా సిమ్‌కు ఇక్కడే రోమింగ్ పెట్టించు, ఆరు నెలల వాలిడిటీ వేయించు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. మనకూ అక్కడికీ మూడున్నర గంటల తేడా, అక్టోబరు చివరి ఆదివారం నుంచి నాలుగున్నర. మీ అమ్మకు అది ఇప్పుడే చెప్పి ఉంచు, లేకపోతే క్లాసులో ఉన్నప్పుడు ఫోను మోగుతుంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, మధ్యాహ్నం ఉన్న కాస్త వెలుతురులో రోజూ అరగంట బయట నడువు. ఆ చీకటికి దిగులుగా అనిపిస్తే గదిలో ఒక్కదానివే కూర్చోకుండా మాకు చెప్పు.

గదిలో దిగిన రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి, దాన్ని ఆన్మెల్డుంగ్ అంటారు. అపాయింట్‌మెంట్లు దొరకవు, అందుకని గది ఖాయమవగానే ఇక్కడి నుంచే బుక్ చెయ్యి. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం లేకపోతే తిప్పి పంపేస్తారు. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. ప్రకటన కాగితమనుకుని పారెయ్యకు. నలుగురు కలిసి ఉండే ఫ్లాటులో ఒకరు కడితే చాలు, వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపు.

గదిలోకి వెళ్లిన రోజే గోడలు, పరుపు, సింకు ఫొటోలు తీసి యజమానికి మెయిల్ చెయ్యి, అడ్వాన్సు తిరిగొచ్చేటప్పుడు అవే సాక్ష్యం. వచ్చేముందు చిరునామా రద్దు చేయించి ఆ కాగితం దాచుకో, ఇన్సూరెన్స్ ఆపించడానికి అది అడుగుతారు. అడ్వాన్సు జమయ్యేదాకా బ్యాంకు ఖాతా మూయకు. ట్రాన్‌స్క్రిప్ట్, అంటే అక్కడి మార్కుల పత్రం, రావడానికి వారాలు పడుతుంది, అందుకని సీలు వేసిన కాపీని నేరుగా మీ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కి పంపమని, ఒక స్కాన్ నీకూ ఇవ్వమని అక్కడి ఆఫీసులో దరఖాస్తు పెట్టి బయల్దేరు.

ప్రేమతో,
పెద్దమ్మ