పెద్ద డేటాబేస్ బాధ్యత తీసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

లక్షల మంది వాడే క్లౌడ్ డేటాబేస్ బాధ్యతను నీకు అప్పగిస్తున్నారని మీ నాన్న చెప్పగానే ఎంత గర్వపడ్డానో, ఆ రాత్రి అంత కలవరపడ్డాను. చాలా ఏళ్లు అదే పని చేసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెప్లికాలను, అంటే డేటాబేస్ నకళ్లను, వేర్వేరు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) ఉంచాలనీ, డిస్కు నిండకముందే అలర్ట్ రావాలనీ నీకు తెలుసు. నా బెంగంతా బ్యాకప్ గురించే.

2017 జనవరి 31 రాత్రి తమ దగ్గర ఏం జరిగిందో ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైటు నడిపే గిట్‌ల్యాబ్ సంస్థే దాచకుండా ప్రకటించింది, తీరిగ్గా చదువు. లోడు పెరిగి వెనకబడిపోయిన రెప్లికాను మళ్లీ మొదటినుంచి నింపుదామని దాని డేటా డైరెక్టరీని ఖాళీ చేయబోయిన ఒక ఇంజినీరు, ఆ కమాండ్‌ను పొరపాటున ప్రైమరీ మీద, అంటే అసలు డేటాబేస్ మీద, నడిపారు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపినా, దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. ఆ ఇంజినీరును తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అలసిన చేతికి అది ఎప్పుడైనా జరగవచ్చు. అసలు ఘోరం ఆ తరువాత బయటపడింది. వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ అయితే, బ్యాకప్ తీయవలసిన పీజీ డంప్ అనే ప్రోగ్రాం మాత్రం 9.2 వెర్షన్‌ది కావడంతో నడిచిన ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోయేది. ఆ సంగతి తెలపవలసిన ఈమెయిళ్లు సరైన డిజిటల్ సంతకం లేక తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. వేరే పనికోసం అదే ఇంజినీరు సుమారు ఆరు గంటల ముందు తీసిపెట్టిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) ఒకటి ఉండబట్టి, దాదాపు 18 గంటల తరువాత సైటు లేచింది. మధ్యలో చేరిన డేటా మాత్రం పోయింది.

అందుచేత బ్యాకప్ జాబ్ పక్కన పచ్చరంగు చూసి నిశ్చింతగా ఉండకు, తల్లీ. నెలకొకసారైనా బ్యాకప్‌ను ఖాళీ సర్వర్ మీద రిస్టోర్ చేసి (తిరిగి నింపి), రో కౌంట్లు, అంటే టేబుళ్లలోని వరుసల సంఖ్యలు, సరిచూసి, మొత్తం ఎంతసేపు పట్టిందో రాసిపెట్టు. ఎప్పటికి కోలుకుంటామని పైవాళ్లు అడిగిన రోజున నువ్వు చెప్పగలిగిన నిజమైన జవాబు ఆ లెక్క ఒక్కటే. బ్యాకప్ కాపీ ఒకటి వేరే అకౌంట్‌లో, ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టం) పాస్‌వర్డ్‌తో చెరపడానికి వీలులేనట్లు ఉండాలి.

పండక్కి వచ్చినప్పుడు విస్తరి ముందు ల్యాప్‌టాప్ తెరిచి ప్రొడక్షన్‌లో కమాండ్ కొట్టావు. ఆనాడు నలుగురిలో ఏమీ అనలేదు కానీ, అది చాలా తప్పు. ఇకమీదట ఎంత తొందరైనా అలా చేయవద్దు. అర్ధరాత్రి పిలుపు వస్తే ముందు మంచినీళ్లు తాగు, ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్ కొట్టే చోట, కనిపించే సర్వర్ పేరు పైకి చదువు, చెరిపే కమాండ్ ఏదైనా ఉంటే మరొకరిని లైన్‌లో ఉంచుకుని నడుపు. పని ముగిశాక భయమనిపిస్తే, ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చెయ్యి.

చేరిన మొదటి వారంలోనే ఒక రిస్టోర్ చేసి, ఎన్ని గంటలు పట్టిందో నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న