ఒక్క ఫీల్డు మార్చాలంటే రికార్డంతా మళ్లీ రాయాలా?

ప్రశ్న: జావాలో చిరునామా కోసం ఏడు ఫీల్డుల రికార్డు (కొన్ని విలువలను ఒకచోట ఉంచే క్లాసు) రాసుకున్నాను. పిన్‌కోడ్ ఒక్కటి మారినా కన్‌స్ట్రక్టర్‌కు (ఆబ్జెక్టును తయారు చేసే కోడ్‌కు) ఏడు విలువలూ మళ్లీ ఇవ్వాల్సి వస్తోంది. మొన్న ఊరు, మండలం తారుమారైనా కంపైలర్ ఏమీ అనలేదు. తేలిక మార్గం ఉందా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఆ రెండూ స్ట్రింగులే కాబట్టి, ఏది ఊరో ఏది మండలమో కంపైలర్‌కు తెలిసే వీలు లేదు. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డుల్లో ఫీల్డులకు మరో విలువ ఇవ్వడం కుదరదు కనుక, మార్పు కావాలంటే కొత్త ఆబ్జెక్టును తయారు చేసుకోవలసిందే. ఇందుకు వేరే ప్రోగ్రామింగ్ భాషల్లో, అంటే కోట్లిన్‌ డేటా క్లాసులకు కాపీ ఫంక్షన్, సీ షార్ప్ రికార్డులకు విత్ అనే సదుపాయం ఉన్నాయి. మనలో చాలామంది వాడుతున్న జావా 17, 21లలో అలాంటిది లేదు.

అందువల్ల రికార్డు లోపలే ‘విత్‌పిన్‌కోడ్’ అనే మెథడ్ రాసి, అందులో కొత్త పిన్‌కోడ్‌నూ మిగతా ఆరు పాత విలువలనూ కన్‌స్ట్రక్టర్‌కు అందించండి. అప్పుడు విలువల వరుసను ఒక్కచోట సరిచూసుకుంటే చాలు. పిన్‌కోడ్‌లో 6 అంకెలున్నాయా అన్న తనిఖీ కన్‌స్ట్రక్టర్‌లో ఉంటే, అది ప్రతి కాపీకీ జరుగుతుంది. సీ షార్ప్‌లో విత్ ముందు ఆబ్జెక్టును నకలు తీసి, ఆ తర్వాత ఫీల్డు మారుస్తుంది. మామూలు కన్‌స్ట్రక్టర్‌లోని తనిఖీ అక్కడ మళ్లీ జరగదు. ఈ ఒక్క విషయంలో మన చేతిరాతే మేలు! అలాగని ఏడు ఫీల్డులకూ ఏడు మెథడ్లు రాయకండి. ఊరు మారితే పిన్‌కోడ్ కూడా సాధారణంగా మారుతుంది కాబట్టి, ఆ రెంటినీ కలిపి మార్చే మెథడే సబబు.

మెథడ్ తిరిగి ఇచ్చినదాన్ని వేరియబుల్‌లో పట్టుకోవడం మరవకండి. తేదీల కోసం జావా 8 నుంచి ఉన్న లోకల్‌డేట్‌లో 2025 జనవరి 31పై నెలను మార్చే ‘విత్‌మంత్’కు 2 ఇస్తే ఫిబ్రవరి 28 వస్తుంది, కానీ అసలు తేదీ జనవరి 31గానే ఉంటుంది. ఫలితాన్ని వదిలేసి, కోడ్ పనిచేయడం లేదని గంటల తరబడి వెతికినవారిలో నేనూ ఒకణ్ని.

మీ రికార్డులో ఫోన్ నంబర్ల లిస్టు కూడా ఉంటే మరో చిక్కు ఉంది. పాత చిరునామా, కొత్త చిరునామా ఒకే లిస్టును పట్టుకుని ఉంటాయి. ఒకదాని ద్వారా నంబరు చేర్చితే రెండోదానిలోనూ కనిపిస్తుంది. కన్‌స్ట్రక్టర్‌లోనే ఆ లిస్టును, మార్చలేని నకలు ఇచ్చే ‘లిస్ట్.కాపీఆఫ్’తో భద్రపరచండి. అప్పటికే మార్చలేని విధంగా తయారైన లిస్టును అది సాధారణంగా మళ్లీ నకలు తీయదు కాబట్టి, కాపీలు ఎన్ని చేసినా మెమరీ గురించి బెంగ అక్కర్లేదు.