వాడెవిల్ అంటే ఏమిటి? సినిమా రాగానే అది ఎందుకు మాయమైంది?

నేను ఒహాయోలో ఉంటాను. ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది వేడుకలో కొన్నేళ్లుగా స్టేజీ పని నాదే. ఏ ఐటమ్ తర్వాత ఏది, ఎన్ని మైకులు, తెర ఎప్పుడు లాగాలి, అన్నీ చూసుకోవాలి. ఒక ఏడాది, దేవుడి పాటతో మొదలైతే శుభమని, మొదటి ఐటమ్‌గా పదేళ్ల పాప చేత అన్నమయ్య కీర్తన పాడించాను. అప్పుడే భోజనాల దగ్గర్నుంచి జనం లోపలికి వస్తున్నారు. కుర్చీలు జరుపుతున్నారు, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ" అని అడుగుతున్నారు. నెలరోజులు సాధన చేసిన పాట ఎవరి చెవినా పడలేదు. పాప దిగివచ్చి వాళ్లమ్మ చున్నీలో మొహం దాచుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ హాల్లో లైట్లు చూసే అమెరికన్ పెద్దాయన తాతగారు ఒకప్పుడు వాడెవిల్ థియేటర్లో తెరలు లాగేవారట. "మొదటి చోట్లో గొంతుతో పనున్న ఐటమ్ ఎప్పుడూ పెట్టకూడదు. మా తాత కాలంలో అది సైకిల్ ఫీట్లవాళ్లకో, కుక్కల్ని ఆడించేవాళ్లకో ఇచ్చేవారు" అన్నాడాయన. అప్పటినుంచే దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

వాడెవిల్ అంటే ఒకే టికెట్టు మీద ఎనిమిది తొమ్మిది ఐటమ్‌లు. పాట, హాస్యం, గారడీ, డ్యాన్సు, సర్కసు ఫీట్లు, పొట్టి నాటకం... ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. అంతకుముందు ఇలాంటి ప్రదర్శనలు మగవాళ్లు మందు తాగుతూ చూసేవి. 1881 అక్టోబరులో టోనీ పాస్టర్ న్యూయార్క్ 14వ వీధిలో థియేటర్ తెరిచి, బూతు లేకుండా, ఆడవాళ్లూ పిల్లలూ వచ్చి చూసేలా నడిపాడు. 1885లో బోస్టన్‌లో బి.ఎఫ్. కీత్ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆపకుండా ఆట నడిపించడం మొదలుపెట్టాడు. ఆయనా, ఆయన భాగస్వామి ఎడ్వర్డ్ ఆల్బీ ఊరూరా థియేటర్లు కట్టారు, కొన్నారు, కలుపుకున్నారు. ఒక ఊళ్లో వారం ఆడి, రైలెక్కి మరో ఊరు. కళాకారుల బతుకంతా ఆ రైళ్లలోనే గడిచేది.

ఐటమ్‌ల వరుసను వాళ్లు బిల్లు అనేవారు. నన్ను బాగా పట్టుకున్నది ఇదే. ఆలస్యంగా వచ్చేవాళ్లు సీట్లు వెతుక్కునేటప్పుడు మాటలక్కర్లేని ఐటమ్. తర్వాత ఒక మాదిరి పాట. మూడోది పొట్టి నాటకం. విరామానికి ముందు పేరున్నవాళ్లు. అందరికన్నా పెద్ద తార ఆఖర్న కాకుండా, ఆఖరిదానికి ముందు వచ్చేది. పెద్ద సెట్టు కావలసిన ఐటమ్ వెనక సిద్ధమవుతుంటే హాస్యగాడు తెర ముందు నిలబడి నవ్వించేవాడు. మన పౌరాణిక నాటకాల్లో వెనక దర్బారు వేస్తుంటే ముందు వీధి తెర దగ్గర సన్నివేశం నడిపినట్టే. ఇక ఆఖరి ఐటమ్ వాళ్లు, కోట్లు తొడుక్కుని వెళ్లిపోతున్న జనం వీపులు చూస్తూ ఆడాలి. ఆ చోటే తమదని తెలిసి కూడా ఏళ్ల తరబడి, ఊరూరా, ప్రాణాలకు తెగించి ట్రపీజు మీద ఊగినవాళ్లున్నారు. చరిత్రలో వాళ్ల పేర్లు చాలావరకు లేవు. నాకు వాళ్లంటేనే ఎక్కువ గౌరవం.

పేరొచ్చినవాళ్ల కథలూ తేలికైనవి కావు. మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ చిన్నపిల్లాడిగా అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కాడు. అటూ ఇటూ విసరడానికి వీలుగా వాళ్ల నాన్న అతని బట్టలకు సూట్‌కేసు పిడి కుట్టించాడు. తను నవ్వితే జనం తక్కువ నవ్వుతారని ఆ పిల్లాడు అప్పుడే కనిపెట్టాడు. సినిమాల్లో మనం చూసే ఆ నవ్వని మొహం అక్కడిదే. బహామాస్‌లో పుట్టిన బెర్ట్ విలియమ్స్ ఆ కాలపు అతి గొప్ప హాస్యనటుల్లో ఒకడు. నల్లజాతివాడు. అయినా అప్పటి వాడుక ప్రకారం మొహానికి కాల్చిన బెండు మసి పూసుకునే స్టేజీ ఎక్కేవాడు. తన నల్లదనం మీద తనే నలుపు పూసుకుని, అద్దంలో చూసుకుని వెళ్లి నవ్వించాడు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను.

డబ్బు దగ్గర పెత్తనమంతా యజమానులదే. 1906లో కీత్, ఆల్బీలు పెట్టిన బుకింగ్ ఆఫీసు ద్వారానే పని దొరికేది, కమీషన్ అక్కడే కోసుకునేవారు. వైట్ ర్యాట్స్ అని సంఘం కట్టి కళాకారులు 1901లో సమ్మె చేశారు. నిలవలేకపోయారు.

ఇక మీ రెండో ప్రశ్న. సినిమా రాగానే వాడెవిల్ పోలేదు. 1896లో న్యూయార్క్‌లో ఎడిసన్ కంపెనీ తెర మీద బొమ్మలు చూపించింది ఇలాంటి వినోదశాలలోనే. అక్కడినుంచి ముప్పై ఏళ్లు బిల్లులో సినిమా కూడా ఒక ఐటమ్. దెబ్బ కొట్టినవి రేడియో, 1927 తర్వాత మాట్లాడే సినిమా. పదిహేను నిమిషాల ఐటమ్‌ని సానబెట్టి, ఊళ్లు మారుస్తూ పదేళ్లు బతికినవాళ్లకి రేడియోలో అదంతా ఒక్క రాత్రిలో ఖర్చయిపోయేది. 1928లో కీత్ థియేటర్ల గొలుసు ఆర్‌కేఓ అనే సినిమా కంపెనీలో కలిసింది. మరుసటేడు ఆర్థిక మాంద్యం. 1913 నుంచి వాడెవిల్‌కి గుడిలా నిలిచిన న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్ 1932 నవంబరులో సినిమా హాలైపోయింది. ఆ ప్యాలెస్ ఇంకా ఉంది. 2022లో థియేటర్‌ని యథాతథంగా ముప్పై అడుగులు పైకి లేపి, కింద దుకాణాలకు చోటు చేశారు.

మరుసటి ఉగాదికి మొదట కోలాటం పెట్టాను. పాప పాట విరామానికి ముందు. హాలు నిండుగా ఉంది, పల్లవి అందుకోగానే సద్దుమణిగింది. ఆఖరి ఐటమ్ పిల్లల తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, విందు పిలుపు వాళ్లది అయ్యేదాకా మైకులో చెప్పకుండా ఆపాను.

అసలు వాడెవిల్ ఐటమ్ ఎలా ఉండేదో చూడాలంటే హాస్య జంట జార్జ్ బర్న్స్, గ్రేసీ ఆలెన్ 1929లో చేసిన 'ల్యాంబ్‌చాప్స్' అనే పొట్టి సినిమా చూడండి. పది నిమిషాలు కూడా ఉండదు. గ్రేసీ జవాబు చెప్పాక జార్జ్ ఎంతసేపు ఆగి మళ్లీ అందుకుంటాడో గమనించండి. ఆ ఆగడం వాళ్లు ఊరూరా జనం ముందు నేర్చుకున్నది.