మా వారి విమాన నమూనాల వల్ల ఇంట్లో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న: మాకు పెళ్లయి పదకొండేళ్లయింది. ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు. కొన్నేళ్లుగా మా వారు ప్లాస్టిక్ కిట్లు తెచ్చి విమాన నమూనాలు తయారుచేసి రంగులు వేస్తున్నారు. ఆఫీసు నుంచి రాగానే పడకగదిలో బల్ల ముందు కూర్చుంటే అర్ధరాత్రి దాకా లేవరు. గదంతా రంగుల వాసన. విప్పని పెట్టెలు బీరువా మీద పేరుకుపోతున్నా కొత్తవి కొంటూనే ఉన్నారు. పోయిన నెల బాబు ఒక విమానాన్ని చేతిలోకి తీసుకుంటే దాని చక్రాల కాళ్లు విరిగాయి. ఆయన వాడి మీద పెద్దగా అరిచి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇది వ్యసనమా? ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేయనా?

సమాధానం: ఇచ్చేయకండి. మీ విసుగుకు కారణం లేదని కాదు. ఆయనకు తెలియకుండా ఆ పని చేస్తే, ఇంతవరకూ వేళల గురించీ ఖర్చు గురించీ ఉన్న తగవు నమ్మకం గురించిన తగవుగా మారుతుంది. దాన్ని సర్దుకోవడం చాలా కష్టం.

ఆయన అంతగా ఎందుకు కోప్పడ్డారో తెలియాలంటే ఆ పని ఎలాంటిదో కొంత తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, 1/72 స్కేలులో, అంటే అసలు కొలతలో డెబ్బై రెండో వంతుకు చేస్తే, అది సుమారు 15.6 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఆ కొలతలో చక్రాల కాళ్లు అగ్గిపుల్లంత సన్నగా ఉంటాయి. ముక్కల్ని చట్రం నుంచి కత్తిరించి అతికించాలి, అతుకుల్ని పుట్టీతో పూడ్చి ఉప్పుకాగితంతో నునుపు చేయాలి, ప్రైమర్ వేయాలి, మాస్కింగ్ టేపు అంటించి ఒక్కో రంగూ విడిగా వేయాలి, మెరుపు పూత ఆరాక డెకాల్స్ అనే పలుచని గుర్తుల స్టిక్కర్లను నీటిలో నానబెట్టి అంటించాలి, చివరికి మెరుపు తగ్గించే పూత వేయాలి. ఇన్ని దశలు దాటిన వస్తువు విరిగితే బాధ కలగడం సహజమే. అయితే విరిగిన కాలును బాగుచేయవచ్చు. రెండు ముక్కల్లోనూ సన్నని రంధ్రం చేసి లోహపు తీగ దూర్చి అతికించే పద్ధతి ఈ పని చేసేవారిలో చాలామందికి తెలుసు. పిల్లవాడి మనసులో మిగిలిన భయం మాత్రం ఆయనే స్వయంగా వాడి దగ్గర కూర్చుని, అలా అరవడం తన తప్పని చెబితేనే పోతుంది. ఈ మాట ఆయనకు మీరు స్పష్టంగా చెప్పాలి.

మొట్టమొదట తేల్చవలసింది వాసన సంగతి. ఇందులో బేరాలకు చోటు లేదు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు, ఎనామెల్, లాకర్ రంగులు, వాటి థిన్నర్లు పీల్చకూడని ఆవిర్లు వదులుతాయి. ఎయిర్‌బ్రష్ రంగును సన్నని తుంపరగా మార్చి గాలిలో కలుపుతుంది. దుమ్మును ఆపే మామూలు మాస్కు ఈ ఆవిర్లను ఆపలేదు. వాటి కోసమే తయారైన కార్ట్రిడ్జ్ మాస్కు కూడా పెట్టుకున్నవారిని మాత్రమే కాపాడుతుంది, అదే గదిలో నిద్రపోతున్న మీకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. కాబట్టి బల్ల పడకగదిలో ఉండకూడదు. కిటికీ ఉన్న వేరే చోటు చూసి, ఫ్యానుతో గాలిని గొట్టం ద్వారా బయటికి పంపే స్ప్రే బూత్ అమర్చుకోవాలి. అది కుదిరే దాకా ఎయిర్‌బ్రష్ పక్కన పెట్టి, నీటితో పలుచన చేసే యాక్రిలిక్ రంగుల్ని కుంచెతో వేసుకోవచ్చు. థిన్నర్ మంట అంటుకునేది గనక దీపం, పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు. బ్లేడ్లు, సూపర్ గ్లూ బాబుకు అందని చోట తాళం వేసి ఉంచాలి.

వేళల విషయంలో ఈ పని స్వభావమే మీకు సాయపడుతుంది. ముక్కలు కత్తిరించడం, రుద్దడం వంటివి ఏ క్షణాన ఆపినా నష్టం లేదు. కానీ ఎయిర్‌బ్రష్‌లో రంగు పోశాక మధ్యలో లేస్తే అది ఆ పరికరం మొనలో ఎండి గడ్డకడుతుంది. నానిన డెకాల్‌నూ అలా వదిలేయలేరు. అదే ఎనామెల్ రంగు వేశాక, పూర్తిగా ఆరడానికి ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది గనక ఆ విమానం పని ఎలాగూ ఆగాల్సిందే. మీరు "ఎప్పుడూ అదే పనా" అని అడిగితే ఆయన తనను తాను సమర్థించుకుంటారు. "వారంలో ఏ రెండు రాత్రులు మిమ్మల్ని ఎవరూ పిలవకుండా ఉంటే రంగు పని సాగుతుంది? మిగతా రోజుల్లో భోజనం వేళకు లేచి, బాబు పడుకునే దాకా మాతో ఉండగలరా?" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఈ మాట ఆయన బల్ల ముందు ఉన్నప్పుడు ఎత్తకండి. ఒప్పుకున్న ఆ రెండు రాత్రులూ మీరు కూడా మాట మీద నిలబడాలి.

విప్పని పెట్టెలు పేరుకోవడం ఈ అభిరుచి ఉన్నవారిలో మామూలే; ఒక నమూనా పూర్తికావడానికి నెలలు పడుతుంది, కొనడానికి నిమిషం చాలు. అది ఒక్కటే వ్యసనానికి గుర్తు కాదు. ఖర్చు దాచడం, అప్పు చేయడం, ఉద్యోగాన్నీ నిద్రనూ పాడుచేసుకోవడం, ఆపుతానని మాట ఇచ్చి పదే పదే తప్పడం కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి. మీ ఉత్తరంలో నిద్ర చాలకపోవడం తప్ప మిగతావి కనిపించలేదు. ఇంటి ఖర్చులు చూసుకున్నాక నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఒకటి పూర్తిచేస్తేనే ఇంకొకటి కొనాలనే నియమం కొందరు పెట్టుకుంటారు గానీ, నాకు అది అంతగా నచ్చదు, ఎందుకంటే కొత్తది కొనడం కోసం చేతిలో ఉన్నదాన్ని తొందరగా ముగించాలనిపిస్తుంది, ఆ తొందరలో చేసే పనిలో ఉన్న సంతోషం పోతుంది.

బాబు ఆ విమానాన్ని పాడుచేయాలని ముట్టుకోలేదు, నాన్న అంతగా ప్రేమించే వస్తువును చూడాలనుకున్నాడు. జిగురూ రంగూ అక్కర్లేకుండా ముక్కలు నొక్కితే బిగుసుకునే కిట్లు ఈ వయసు వారికి సరిపోతాయి. వాటిలో ఒకటి తండ్రి పక్కన కూర్చుని వాణ్ణే చేయనివ్వాలి. వంకరగా వచ్చినా ఆయన రహస్యంగా సరిచేయకూడదు. పూర్తయిన పెద్ద నమూనాలు అద్దాల తలుపులున్న అరలో, పైన ఉంచాలి.

మీ ఉత్తరంలో మీ సాయంత్రాల గురించి ఒక్క మాటా లేదు. ఆయనకు రెండు రాత్రులు ఇచ్చినప్పుడు మీకూ రెండు సాయంత్రాలు అడగండి, ఆ వేళ బాబు బాధ్యత పూర్తిగా ఆయనదే. ఇలా రెండు నెలలు చూశాక కూడా కొనుగోళ్లు దాచడం మొదలైనా, బాబు బెదిరిపోయేలా అరుపులు మళ్లీ వినిపించినా, అప్పుడు ఇద్దరూ కలిసి కుటుంబ సలహాదారును నేరుగా కలవండి. బల్లను పడకగది నుంచి మార్చడం మాత్రం ఈ వారమే జరగాలి.