ఆటోమేటిక్ హబ్బులు అరిగాయా, గ్రీసు గడ్డకట్టిందా?

ప్రశ్న: నేను బెంగుళూరు కె.ఆర్.పురంలో ఉంటాను. శ్రీనివాసపురం దగ్గర మాకు మామిడితోట ఉంది. తోటకు వెళ్ళిరావడానికి ఇరవై ఏళ్ళ కిందటి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ వాడుతున్నాను. ఈసారి కాయ కోసే రోజుల్లో వాన పడి, బండి ఎర్రమట్టి బురదలో దిగబడింది. లివరు ఫోర్ హైలో (నాలుగు చక్రాలకూ బలం అందే స్థానంలో) వేశాను, డాష్‌బోర్డు మీద దీపం కూడా వెలిగింది, కానీ వెనక చక్రాలే తిరిగాయి. ముందుకూ వెనక్కూ ఊపి చూస్తే ఎడమవైపు ముందు చక్రంలోంచి కటకటమని చప్పుడు వచ్చింది. చివరికి ట్రాక్టరు తెప్పించి లాగించాం. ఆటోమేటిక్ హబ్బులు (ముందు చక్రాలను వాటిని తిప్పే షాఫ్టులతో వాటంతటవే కలిపే భాగాలు) అరిగాయని, రెండూ మార్చాలని మెకానిక్ అంటున్నారు. చప్పుడు ఒక పక్కనే కదా, ఒకటి మారిస్తే చాలదా? కుడి చక్రమైనా ఎందుకు లాగలేదు? చేత్తో తిప్పే హబ్బులు వేయించుకోమని కొందరు చెబుతున్నారు, ఏది మంచిది?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

సమాధానం: కుడి చక్రం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మీ మిగతా సందేహాలకు జవాబు అందులోనే ఉంది. ముందు ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె, అంటే సాధారణ డిఫరెన్షియల్, ఎప్పుడూ తేలికగా తిరిగే వైపుకే తిరుగుడును వదిలేస్తుంది. ఎడమ హబ్బు పట్టుకోకపోతే ఆ వైపు షాఫ్టు చక్రంతో సంబంధం లేకుండా ఊరికే తిరుగుతుంది, అందువల్ల కుడి హబ్బు ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ చక్రానికి బలం అందదు. ఒక్క హబ్బు చెడితే రెండు ముందు చక్రాలూ పోయినట్టే. డాష్‌బోర్డు దీపం ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే గేర్ల పెట్టె) దగ్గరి స్విచ్చు వల్ల వెలుగుతుంది. హబ్బులో ఏం జరుగుతోందో ఆ స్విచ్చుకు తెలిసే దారి లేదు కాబట్టి, మీ బండిలాంటి వాటిలో ఆ దీపాన్ని చూసి బురదలోకి దిగకూడదు.

ఆటోమేటిక్ హబ్బు పనిచేసే తీరు కూడా తెలిస్తే ఆ కటకట ఏమిటో అర్థమవుతుంది. చక్రం స్పిండిల్ అనే తిరగని బోలు ఇరుసు మీద బేరింగుల సాయంతో తిరుగుతుంది, ఆ స్పిండిల్ లోపలినుంచి యాక్సిల్ షాఫ్టు వస్తుంది. మీరు ఫోర్ హై వేసి బండిని కదిలించగానే షాఫ్టు తిరగడం మొదలవుతుంది. స్పిండిల్‌కు బిగించి ఉన్న కదలని భాగం మీద ఒక చిన్న బ్రేకు రాసుకుని కామ్‌ను (ఏటవాలు అంచున్న వలయాన్ని) నిలబెడుతుంది, ఆ కామ్ ఏటవాలు మీదుగా ఒక గేరును బయటికి తోస్తుంది, ఆ గేరు వెళ్ళి హబ్బు గోడకున్న పళ్ళలో కూర్చుంటుంది. విడిపించాలంటే టూ హై (వెనక చక్రాలకే బలం అందే స్థానం) వేసి రెండు మూడు మీటర్లు తిన్నగా వెనక్కి నడపాలి, అప్పుడు కామ్ వెనక్కి తిరిగి స్ప్రింగు గేరును లోపలికి లాక్కుంటుంది. అంటే దిశ మారిన ప్రతిసారీ ఈ హబ్బు ఒకసారి విడిపోయి మళ్ళీ పట్టుకుంటుంది. దిగబడిన బండిని ఫస్టులోకీ రివర్సులోకీ మార్చి మార్చి ఊపడం మనకు అలవాటు. కొత్త హబ్బు అందుకు తట్టుకుంటుంది గాని, పళ్ళ అంచులు గుండ్రబడిన పాత హబ్బు ఆ క్షణంలోనే జారిపోతుంది. మీరు విన్న చప్పుడు బహుశా అదే.

బహుశా అన్నాను, ఎందుకంటే హబ్బు విప్పి చూడకుండా అరిగిందని తేల్చడం నాకు ఇష్టం లేదు. అరిగిపోయాయని తీసి పక్కన పెట్టిన హబ్బుల్లో ఏ మాత్రం అరగనివి నేను చూశాను. నా బండికి వీల్ బేరింగులు మార్చినప్పుడు పనివాడు మంచి ఉద్దేశంతోనే హబ్బు నిండా బేరింగు గ్రీసు కూరి మూత బిగించాడు. ఆ గ్రీసు చిక్కబడి బ్రేకు రాపిడినీ గేరు కదలికనూ రెండింటినీ చెడగొట్టింది, తెల్లవారుజామున చలిలో హబ్బు పట్టుకునేదే కాదు. డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, కదిలే చోట వేలితో పలుచగా పూత పెట్టాక ఆ హబ్బే చాలాకాలం పనిచేసింది. బేరింగులకు గ్రీసు దట్టించాలి, హబ్బుకు పూత చాలు. ఈ తేడా మీ మెకానిక్‌కు దగ్గరుండి చెప్పండి.

విప్పకముందు ఒక పరీక్ష చేయవచ్చు. ఇంజను ఆపి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, రెండు ముందు చక్రాలనూ లేపి జాకీ మీద కాకుండా గట్టి స్టాండ్ల మీద నిలపండి. టూ హైలో చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనకనుంచి షాఫ్టును చూడండి. చక్రం తిరుగుతూ షాఫ్టు కదలకపోతే హబ్బు విడిపోయి ఉన్నట్టు. ఆ తరువాత షాఫ్టునే పట్టుకుని తిప్పితే, కొంత తిరిగాక టక్కుమని పట్టుకుని చక్రం కూడా వెంట రావాలి. రెండు పక్కలా చేసి పోల్చండి. ఈ పరీక్షకు ఇంజను స్టార్ట్ చేసి ఫోర్ హై వేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు, వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి కాబట్టి బండి స్టాండ్ల మీదినుంచి దూకుతుంది.

మూత తీయగానే మొదట గ్రీసు రంగు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు వెళ్ళింది. వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్ళలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి, ముదిరిన సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు, యమలూరు వైపు మోకాలిలోతు నీళ్ళలో నడిచిన బండ్లకూ ఈ ముప్పు ఉంది, కాబట్టి తోటదారినే తప్పుపట్టనక్కరలేదు. తరువాత గేరు పళ్ళను గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. మంచి పన్ను అంచు గోటికి తగులుతుంది, అరిగిన పన్ను పాత కొడవలి పళ్ళలా నున్నగా జారిపోతుంది. బ్రేకు భాగం పలచబడినా, కామ్ ఏటవాలు మీద గాట్లు పడినా, స్ప్రింగు కుంగినా కడిగి లాభం లేదు, మార్చవలసిందే. మార్చేటప్పుడు రెండూ మార్చండి, ఎందుకంటే రెండూ ఒకే దూరం తిరిగాయి, ఒకే నీళ్ళలో మునిగాయి, ఇవాళ చప్పుడు చేయని హబ్బు వచ్చే ఏడాది వానలో మిమ్మల్ని మళ్ళీ ట్రాక్టరు కోసం పంపుతుంది.

ఇక ఏ రకం అన్నది. ముందు చక్రాలను షాఫ్టునుంచి విడదీసే హబ్బులను 1948 ప్రాంతంలో అమెరికాలోని సియాటిల్‌లో ఆర్థర్ వార్న్, యుద్ధం నుంచి మిగిలిన జీపులను రోడ్డు మీద నడుపుకునేవారి కోసం చేసి అమ్మాడు. అవి చేత్తో తిప్పేవే. ఆటోమేటిక్‌లు వానలో కిందికి దిగే శ్రమ తప్పించడానికి తరువాత వచ్చాయి. మీలా ఏ మలుపు దగ్గర బురద మొదలవుతుందో ముందే తెలిసినవారికి చేత్తో తిప్పేవే మేలని నా నిశ్చయమైన అభిప్రాయం. తోట గేటు దగ్గర ఒక నిమిషం దిగి తిప్పితే, ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ ఊపినా అవి వదలవు.

అయితే ఇందులో చాలామంది జారిపడే చోటు ఒకటుంది. అనేక మోడళ్ళలో ఆటోమేటిక్ హబ్బుకు చెందిన కదలని కామే స్పిండిల్ మీద బేరింగు నట్టుతో ముడిపడి ఉంటుంది. దాన్ని తీసేసినప్పుడు బేరింగును పట్టి ఉంచడానికి వేరే నట్టు, వేరే లాక్ వాషరు కావాలి. హబ్బులు మాత్రం తెచ్చి పాత నట్టుతో సరిపెడితే నడుస్తుండగా బేరింగు వదులై చక్రానికే ప్రమాదం. కాబట్టి జె.సి.రోడ్డులోని విడిభాగాల దుకాణాల్లో అడిగేటప్పుడు మార్పిడి సామాను మొత్తం అడగండి. పాత హబ్బును చేతిలో పట్టుకెళ్ళి, షాఫ్టు దూరే గాడుల సంఖ్య, బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం అక్కడే సరిచూసుకోండి. శివాజీనగర్ గుజరీలో దొరికే పాత ఆటోమేటిక్ హబ్బులను నేను సిఫారసు చేయను, మీరు తీసేసిన వాటికంటే అవి మెరుగని చెప్పే ఆధారం ఏదీ ఉండదు.

బిగించేటప్పుడు విప్పిన వాషర్ల వరుసను ముందే ఫోనులో ఫోటో తీసుకోండి. ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగులు కడిగి, కొత్త గ్రీసు దట్టించి, లోపలి ఆయిల్ సీలు మార్చండి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, మళ్ళీ మాన్యువల్‌లో చెప్పినంత టార్కుకే బిగించాలి. తరువాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉండకూడదు, చేత్తో తిప్పితే బిగుసుకోకూడదు. షాఫ్టు చివరి సర్క్లిప్ (భాగాలు జారిపోకుండా పట్టి ఉంచే స్ప్రింగు వలయం) గాడిలో కూర్చోక పనివాళ్ళు విసుగుపడుతుంటారు. చాలా బండ్లలో షాఫ్టు చివర మర ఉన్న రంధ్రం ఉంటుంది, అందులో ఒక బోల్టు తిప్పి షాఫ్టును బయటికి లాగి పట్టుకుంటే సర్క్లిప్ సులువుగా పడుతుంది. హబ్బుకూ మూతకూ మధ్య పాత గ్యాస్కెట్టు మళ్ళీ వాడవద్దు.

ప్రశ్న: మా నాన్నగారి పాత జీపుకు ఇటీవలే చేత్తో తిప్పే హబ్బులు వేయించాం. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, మాటిమాటికీ దిగి వంగలేరు. వానాకాలమంతా లాక్‌లోనే వదిలేస్తే బండికి చెడుపా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

సమాధానం: చెడుపు కాదమ్మా. హబ్బులు లాక్‌లో ఉన్నా లివరు టూ హైలో ఉన్నంతవరకు ముందు షాఫ్టులు, డిఫరెన్షియల్ ఊరికే తిరుగుతాయి, అంతే. డీజిలు కొద్దిగా ఎక్కువ ఖర్చు కావచ్చు, కొంచెం హోరు వినిపించవచ్చు. రెండు సంగతులు మాత్రం చూసుకోండి. ఒక హబ్బు లాక్‌లో, మరొకటి ఫ్రీలో ఎప్పుడూ ఉండకూడదు. లాక్‌లో ఉంది కదా అని పొడి తారురోడ్డు మీద ఫోర్ హై వేయకూడదు, మలుపుల్లో ముందూ వెనకా చక్రాలు తిరిగే దూరం వేరు కాబట్టి షాఫ్టులు మెలిపడి గేర్లు బిగుసుకుంటాయి. ఎండాకాలంలో ఫ్రీలో ఉంచినప్పుడు కూడా నెలకొకసారి లాక్ చేసి, టూ హైలోనే కొన్ని కిలోమీటర్లు నడపమనండి, ముందు డిఫరెన్షియల్‌లో అడుగున నిలిచిన ఆయిలు పై గేర్లకు చేరుతుంది. ఆ రోజు హబ్బులు మీరే దిగి తిప్పి ఇస్తే నాన్నగారికి వంగే శ్రమ ఉండదు.